దుఃఖానికీ నాలుగు భుజాలు కావాలి



ఈ పాఠం చావు గురించి. చావు మాట ఎత్తితేనే కొందరు "అపశకునం, ఆ మాట వద్దు" అంటారు. కానీ చావు చూడని ఇల్లు మన ఊళ్లో ఏదైనా ఉందా? ఒకరికి అమ్మ పోయింది. ఒకరికి పెనిమిటి పోయాడు. ఒకరికి చేతికి అందివచ్చిన కొడుకు పోయాడు. ఇంకొకరికి పురిట్లోనే బిడ్డ పోయింది. ఇది అందరికీ తెలిసిన బాధే. అయినా దాని గురించి నలుగురం కూర్చుని మాట్లాడుకోం.

పోయినవాళ్లను సాగనంపడం మనకు తెలుసు. మిగిలినవాళ్లను నిలబెట్టడం ఎలా? వాళ్లకు బతుకు మీద, దేవుడి మీద, మనుషుల మీద నమ్మకం మళ్లీ ఎలా వస్తుంది? ఈ పాఠంలో ఆ సంగతి చదువుకుందాం.

పాడె మోయడానికి నలుగురు కావాలి. పాడె దించి వచ్చాక ఇంట్లో మిగిలిన దుఃఖాన్ని మోయడానికీ నలుగురు కావాలి. ఒక్కరే మోస్తే నడుం విరుగుతుంది.

దుఃఖం ఏం చేస్తుంది?

దుఃఖం మనసులోనే ఉంటుంది అనుకుంటాం. అది ఒంట్లో కూడా ఉంటుంది. నిద్ర పట్టదు. ఆకలి వెయ్యదు. గుండెల మీద బండ పెట్టినట్టు ఉంటుంది. ఒళ్లంతా నొప్పులు. చేసే పని మధ్యలో మర్చిపోతాం. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగి పోయేదాకా చూస్తూ నిలబడతాం.

ఇంకో సంగతి. పోయిన మనిషి అడుగుల చప్పుడు వినిపించినట్టు ఉంటుంది. ఆ మనిషి పిలిచినట్టు అనిపిస్తుంది. అన్నాలవేళకు చెయ్యి దానంతటదే ఇంకో కంచం తీస్తుంది. చాలామంది ఇది చూసి భయపడతారు. "నాకు పిచ్చి పడుతోందా? ఏదైనా గాలి సోకిందా?" అనుకుంటారు. పిచ్చీ కాదు, గాలీ కాదు. ఏళ్ల తరబడి అలవాటైన మనిషి లేడన్న సంగతి కళ్లకు తెలిసింది. చేతులకూ చెవులకూ ఇంకా తెలియలేదు. తెలియడానికి రోజులు పడతాయి.

కోపం కూడా వస్తుంది. డాక్టరు మీద కోపం. చుట్టాల మీద కోపం. దేవుడి మీద కోపం. ఒక్కోసారి పోయిన మనిషి మీదే కోపం. "నన్ను ఇట్లా నడిరోడ్డు మీద వదిలి పోతావా?" అని ఏడుస్తాం. ఆ వెంటనే "ఆ రోజు నేను పంపకుండా ఉంటే బాగుండేది, ముందు రోజే ఆసుపత్రికి తీసుకుపోతే బతికేవాడు" అని మనల్ని మనమే తిట్టుకుంటాం. ఇది దాదాపు ప్రతి ఇంట్లో జరిగేదే. జరగబోయేది ముందే తెలిసిన మనిషి లోకంలో లేడు. తెలియని దానికి నేరం మీద వేసుకోకూడదు.

దుఃఖం ఒక్కసారిగా తగ్గదు. అది అలల్లాగా వస్తుంది. నాలుగు రోజులు బాగానే ఉన్నట్టు ఉంటుంది. ఐదో రోజు సంతలో ఆ మనిషికి ఇష్టమైన చింతచిగురు కనబడుతుంది. అంతే, కళ్లు నిండిపోతాయి. "ఇన్నాళ్లయినా ఇంకా ఏడుస్తున్నానేమిటి" అనుకోవద్దు. కాలం గడిచేకొద్దీ అలకూ అలకూ మధ్య ఎడం పెరుగుతుంది. అల మాత్రం పూర్తిగా ఆగదు. ఆగాల్సిన పని కూడా లేదు.

ఆచారాల్లో ఉన్న తెలివి

మన పెద్దలు ఈ సంగతులు ఎరిగినవాళ్లే. అందుకే చావు చుట్టూ కొన్ని పద్ధతులు పెట్టారు.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. చుట్టాలో, ఇరుగుపొరుగో అన్నం వండి తెస్తారు. దీనికి శాస్త్రం ఏదైనా చెప్పనీ, జరిగే మేలు కళ్లకు కనబడుతూనే ఉంది. వండుకునే ఓపిక లేని మనిషికి రెండు ముద్దలు లోపలికి పోతాయి. ఆ వంకతో మనుషులు ఇంటికి వస్తారు.

పాడె మోసేటప్పుడు దారిలో ఒక చోట దించుతారు. దాన్నే దింపుడు కళ్లం అంటారు. అక్కడ పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏమో, ఊపిరి ఉందేమో, పలుకుతారేమో అన్న చివరి ఆశ. పలకకపోతే మిగిలినవాళ్లకు ఒక సంగతి ఖాయమవుతుంది. మనిషి నిజంగానే పోయాడు. మనసు ఒప్పుకోలేని మాటను ఒప్పించడానికి అదొక మెట్టు.

ఆ తరవాత చిన్నదినం, పెద్దదినం. పదకొండో రోజో, మరో రోజో, కులాన్ని బట్టి ఊరిని బట్టి మారుతుంది. ఆ తరవాత నెల నెలా మాసికం, ఏడాదికి సంవత్సరీకం. ఒక్కో రోజూ దుఃఖానికి ఒక్కో మజిలీ. ఎండలో దూరం నడిచేవాడు చెట్టు చెట్టుకూ ఆగినట్టు.

ముస్లిం ఇళ్లల్లో మూడో రోజు జియారత్ చేస్తారు. చాలామంది నలభయ్యో రోజు కూడా బంధువుల్ని పిలిచి, దువా చేసి భోజనం పెడతారు. భర్త పోయిన ఆడమనిషి 4 నెలల 10 రోజులు ఇద్దత్ పాటిస్తుంది. షబ్-ఎ-బరాత్ రాత్రి సమాధుల దగ్గరకు వెళ్లి పోయినవాళ్ల కోసం వేడుకుంటారు. క్రైస్తవుల ఇళ్లల్లో ఆదరణ కూడిక పెడతారు. ఆ పేరులోనే ఉంది చూడండి, ఆదరణ అని. నవంబరు 2న సమాధుల పండుగకు సమాధులు శుభ్రం చేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు.

తెలంగాణలో పెత్రమాస రోజు పెద్దల పేరు మీద బియ్యం ఇస్తారు. బతుకమ్మ మొదలయ్యేది కూడా ఆ రోజే. పొద్దున పోయినవాళ్లను తలుచుకుని, సాయంత్రం పూలు పేర్చుకుంటారు. మా కోస్తా వైపు సంక్రాంతికి పెద్దలకు కొత్త బట్టలు పెట్టి, వాళ్లకు ఇష్టమైనవి వండి, ఆ తరవాతే పిల్లలకు పెడతారు.

ఒక్కో మతంలో ఒక్కో తీరు. అన్నింటిలోనూ ఒక మాట దాగి ఉంది. "పోయినవాళ్లను మర్చిపోనక్కర్లేదు. వాళ్ల కోసం కొన్ని రోజులు కేటాయించు. మిగిలిన రోజులు బతికి ఉన్నవాళ్ల కోసం నిలబడు." ఏడాదిలో ఒక రోజు తలుచుకోవడానికి ఉంది అన్న ధైర్యం ఉంటే, మిగతా రోజుల్లో పని చేసుకోవడానికి మనసు ఒప్పుకుంటుంది.

"నాకే ఎందుకు?"

దుఃఖంలో ఉన్నవాళ్లు అందరూ అడిగే ప్రశ్న ఇది. "నేను ఎవరికి ఏం అన్యాయం చేశాను? దేవుడు నాకే ఎందుకు ఇట్లా చేశాడు?"

బుద్ధుడి కాలంనాటి ఒక కథ ఉంది. కిసాగోతమి అని ఒక తల్లి. ఆమెకు ఒక్కడే కొడుకు. అప్పుడే నడకలు నేర్చిన బిడ్డ చనిపోయాడు. ఆమె బిడ్డను చంకన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. "నా బిడ్డకు మందు ఇవ్వండి" అని అడిగింది. జనం పిచ్చిది అన్నారు. ఎవరో ఆమెను బుద్ధుడి దగ్గరకు పంపారు. ఆయన ఆమెకు ఉపన్యాసం ఇవ్వలేదు. ఏడవొద్దని కూడా అనలేదు. "కాసిని ఆవాలు తీసుకురా తల్లీ. కానీ చావు లేని ఇంటి నుంచి తేవాలి" అన్నాడు.

ఆమె ఊరంతా తిరిగింది. ఆవాలు అందరి ఇంట్లోనూ ఉన్నాయి. చావు లేని ఇల్లే లేదు. ఒక ఇంట్లో తండ్రి, ఒక ఇంట్లో కోడలు, ఒక ఇంట్లో బిడ్డ. పొద్దు వాలేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. బిడ్డను సాగనంపింది.

ఈ కథను "చావు అందరికీ తప్పదు" అని చెప్పడానికే వాడతారు. నాకు ఇందులో ఇంకో మాట కూడా కనబడుతుంది. ఆమె ప్రతి గడపా ఎక్కింది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తమ కష్టం చెప్పుకున్నారు. పొద్దున ఒంటరిగా బయలుదేరిన మనిషికి సాయంత్రానికి ఊరంతా తోడయింది. ఆమెకు దొరికిన మందు అదే.

"ఎలా పోయాడు" అన్న ప్రశ్నకు జవాబు ఉంటుంది. జ్వరం ముదిరింది, బండి గుద్దింది, పాము కరిచింది అని చెప్పగలం. "నాకే ఎందుకు" అన్న ప్రశ్నకు ఎవరూ తృప్తిగా జవాబు చెప్పలేరు. పూజారిగారూ చెప్పలేరు, పాస్టరుగారూ చెప్పలేరు, మౌల్వీగారూ చెప్పలేరు. చదువుకున్న డాక్టరూ చెప్పలేడు. "నీ పూర్వజన్మ పాపం" అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ మాట పుండు మీద కారం చల్లడమే.

దేవుడి మీద కోపం వచ్చిందని భయపడకండి. కొందరు దీపం పెట్టడం మానేస్తారు. కొందరు గుడి వైపు చూడరు. కొందరు ప్రార్థనకు కూర్చుంటే మాట రాదు, ఏడుపే వస్తుంది. మనకు కావలసినవాళ్ల మీదనే కదా మనం అలుగుతాం. కొన్నాళ్లకు కొందరు మళ్లీ దీపం పెడతారు. కొందరు పెట్టరు, కానీ ఆకలిగా వచ్చినవాడికి అన్నం పెడతారు. ఎవరినీ తొందరపెట్టకూడదు.

చాలామంది విషయంలో ఒకటి జరుగుతుంది. "నాకే ఎందుకు" అన్న ప్రశ్న నిదానంగా పక్కకు జరుగుతుంది. దాని చోటులోకి ఇంకో ప్రశ్న వస్తుంది. "ఇప్పుడు నేనేం చెయ్యాలి?" దీనికి జవాబు ఉంది. ఈ మార్పు ఎలా జరుగుతుందో చెప్పడానికి మా కృష్ణా జిల్లాలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

దివిసీమ చెప్పే సంగతి

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేల దివిసీమ. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ఊళ్లు అక్కడివే.

1977 నవంబరు 19, శనివారం. కార్తీక మాసం. కోతల కాలం దగ్గర పడింది. ఆ రోజు పెనుతుఫాను వచ్చింది. గాలి సముద్రాన్ని ఒడ్డు మీదకు తోసింది. దాన్నే ఉప్పెన అంటారు. మూడు నిలువుల ఎత్తున నీళ్లు ఊళ్ల మీదకు వచ్చాయి. మైళ్ల కొద్దీ లోపలికి దూసుకుపోయాయి. సముద్రపు ఒడ్డున ఉన్న ఊళ్లు కొన్ని తుడిచిపెట్టుకుపోయాయి. ప్రభుత్వ లెక్కల్లోనే దాదాపు 10 వేల మంది చనిపోయారు. అంతకన్నా ఎక్కువే పోయారని అక్కడివాళ్లు చెబుతారు. పశువులు లక్షకు పైగా పోయాయి.

ఆ రాత్రి తాటిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు ఉన్నారు. తెల్లారి చూస్తే ఇల్లు లేదు, ఇల్లాలు లేదు, పిల్లలు లేరు. శవాలు పొలాల్లో, ముళ్లకంపల్లో, కాలవల్లో. ఎవరు ఎవరో గుర్తు పట్టలేని పరిస్థితి. చాలామందికి పాడె లేదు, దింపుడు కళ్లం లేదు, దినం లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుర్రాళ్లు, సేవకులు ముక్కుకు గుడ్డ కట్టుకుని శవాలను ఎత్తి దహనం చేశారు, పూడ్చిపెట్టారు. కులం అడగలేదు, మతం అడగలేదు. కన్న కొడుకు చెయ్యవలసిన పని ముక్కూ మొహం తెలియని మనిషి చేశాడు.

ఒక్కసారి ఆలోచించండి. అలాంటి చోట "దేవుడున్నాడా" అని అడిగితే తప్పు పట్టగలమా? పాలు తాగే బిడ్డలు ఏం పాపం చేశారు?

ఆ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు లేదు. కానీ రెండో ప్రశ్నకు జవాబు వెతికారు. ఇంతమంది ఎందుకు చనిపోయారు? తుఫాను హెచ్చరిక చాలా గుడిసెలకు చేరలేదు. చేరినా పరుగెత్తి ఎక్కడానికి ఎత్తైన గట్టి కట్టడం లేదు. ఉన్నవి మట్టి గోడలు, తాటాకు ఇళ్లు. కాబట్టి కోస్తా అంతటా తుఫాను రక్షణ భవనాలు కట్టడం మొదలుపెట్టారు. రోడ్లు వేశారు. హెచ్చరికలు ఊరూరా చేరవేసే ఏర్పాట్లు పెంచారు. ముందే జనాన్ని తరలించడం నేర్చుకున్నారు.

పన్నెండున్నర ఏళ్లు గడిచాయి. 1990 మే 9న మళ్లీ అలాంటి పెనుతుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. ఈసారి లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే ఒడ్డు నుంచి తరలించారు. దాదాపు వెయ్యి మంది చనిపోయారు. వెయ్యి ప్రాణాలంటే చిన్న సంగతి కాదు. కానీ 1977తో పోలిస్తే ఎన్ని వేల ఇళ్లల్లో దీపం నిలిచిందో చూడండి.

ఆ దీపాలు ఎవరు నిలబెట్టారు? అధికారులు, ఇంజనీర్లు పని చేశారు, నిజమే. కానీ 1977లో పోయినవాళ్లే ఆ పాఠం నేర్పారు. వాళ్ల ప్రాణాల ఖరీదుతో ఆ భవనాలు లేచాయి. "ఈ పిల్లలు అందుకోసమే చనిపోయారు" అని ఏ తల్లితోనూ అనకూడదు. అది క్రూరం. బిడ్డ చావుకు ఏ భవనమూ బదులు కాదు. కానీ ఆ తల్లి తనంతట తాను "నా బిడ్డకు వచ్చిన గతి ఇంకో బిడ్డకు రాకూడదు" అంటే, ఆ మాటకు చాలా బలం ఉంటుంది. చావుకు అర్థం ఎవరో బయటివాళ్లు చెప్పేది కాదు. మిగిలినవాళ్లు చేతులతో చేసుకునేది.

ఇప్పటికీ ప్రతి ఏడాదీ నవంబరు 19న దివిసీమలో పోయినవాళ్లకు నివాళి అర్పిస్తారు. దినం దొరకని వేలమందికి ఊరంతా కలిసి పెట్టే దినం అది.

ఆఖరి చూపు దక్కనివాళ్లు

మన కాలంలోనూ అలాంటి కష్టం వచ్చింది. 2020, 2021 సంవత్సరాల్లో కరోనా వచ్చింది. మన దేశంలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే 5 లక్షల 30 వేల మందికి పైగా ఆ జబ్బుతో చనిపోయారు. చాలా ఇళ్లల్లో ముఖం కూడా చూడనివ్వలేదు. ఆసుపత్రి నుంచే శ్మశానానికి తీసుకుపోయారు. నలుగురు భుజం పట్టలేదు. పలకరించడానికి చుట్టం గడప తొక్కలేదు.

అలాంటివాళ్లకు దుఃఖం లోపలే గడ్డకట్టి ఉంటుంది. "నీళ్లు కూడా పొయ్యలేకపోయాను" అని ఇప్పటికీ కుమిలేవాళ్లు ఉన్నారు. వాళ్లకు చెప్పవలసిన మాట ఒకటి. ఆలస్యం అయిందని లేదు. ఆ రోజు చెయ్యలేని పని ఈ రోజు చెయ్యవచ్చు. ఆ మనిషి ఫొటో ముందు దీపమో కొవ్వొత్తో వెలిగించండి. నలుగురినీ పిలిచి ఆ మనిషి గురించి మాట్లాడుకోండి. ఒక చెట్టు నాటండి. పోయినవాళ్లను సాగనంపడానికి గడువు లేదు.

దుఃఖం మీద వెయ్యకూడని బరువులు

మన పద్ధతుల్లో మేలు చేసేవి ఉన్నాయి. కీడు చేసేవీ ఉన్నాయి. బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరుకోవాలి.

ఒకటి, అప్పు. పరువు కోసం అప్పు తెచ్చి పెద్దదినం చేస్తారు. ఊరు తిని పోతుంది. వడ్డీ ఇంట్లో కూర్చుంటుంది. మనిషి పోయిన ఇంట్లో పొలం కూడా పోతే, ఆ పిల్లల గతేమిటి? పది మందికి పప్పన్నం పెట్టినా పోయినవాళ్లకు గౌరవమే.

రెండు, భర్త పోయిన ఆడమనిషిని ఏడిపించడం. గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, ఎదురొస్తే మొహం తిప్పుకోవడం. అసలే కూలిపోయిన మనిషిని ఇంకా తొక్కడం ఇది. గాజులు, బొట్టు ఆమెకు పుట్టింటి నుంచీ ఉన్నవే. ఉంచుకోవాలో తియ్యాలో ఆమె ఇష్టం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అంతకు ముందే, 1856లోనే, చట్టం ఒప్పుకుంది. అన్నేళ్లు దాటినా మనం ఎదురొచ్చిన మనిషిని చూసి వెనక్కి తిరుగుతున్నాం.

మూడు, ఎవరో చేతబడి చేశారని, బాణామతి చేశారని అనుమానించడం. దుఃఖంలో ఉన్న మనసు నేరం ఎవరి మీదో ఒకరి మీద వెయ్యాలని చూస్తుంది. ఆ సమయంలో ఒకడు వచ్చి చెవిలో ఒక పేరు ఊదుతాడు. పేదదో, ఒంటరిదో, ముసలిదో ఒక మనిషి బలి అవుతుంది. ఇలాంటి అనుమానంతో మనుషుల్ని చంపిన ఘోరాలు తెలంగాణలోనూ ఆంధ్రలోనూ జరిగాయి. ఒక ఇంటి దుఃఖం ఇంకో ఇంటికి అంటించడం వల్ల పోయినవాళ్లు తిరిగి రారు.

నాలుగు, సారా. మగవాళ్లను "ఆడదానిలా ఏడుస్తావేంట్రా" అంటారు. ఏడుపు మింగి తాగుడుకు పోతారు. కన్నీళ్లకు ఆడా మగా లేదు. కొడుకు పోయిన తండ్రిని ఏడవనివ్వండి.

పలకరించడం ఎలా?

పరామర్శకు వెళ్లినప్పుడు ఏం మాట్లాడాలో తెలియక చాలామంది ఏదో ఒకటి అనేస్తారు. "ఊరుకో, ఏడిస్తే వస్తాడా?" "నీ ఖర్మ అలా రాసి ఉంది." "ఇంకో బిడ్డ ఉందిగా." ఈ మాటలు ఓదార్పు కావు.

ఏమీ మాట్లాడకపోయినా పరవాలేదు. పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. పోయిన మనిషి పేరు చెప్పి, ఆ మనిషి చేసిన మంచి ఒకటి గుర్తు చెయ్యండి. "మీ అమ్మ మా పెద్దదాని పురుటికి రాత్రంతా మేలుకుంది, నేను మర్చిపోలేను" అనండి. పేరు ఎత్తితే బాధ పెరుగుతుందని అనుకుంటాం. పేరు ఎవరూ ఎత్తకపోతేనే ఎక్కువ బాధ.

"ఏదైనా కావాలంటే అడుగు" అని వచ్చేస్తే వాళ్లు అడగరు. బిందెడు నీళ్లు తెచ్చి పెట్టండి. గేదెకు గడ్డి వెయ్యండి. పిల్లవాణ్ణి బడికి తీసుకుపోండి. పెద్దదినం దాకా అందరూ వస్తారు. ఆ తరవాత ఇల్లు ఖాళీ అవుతుంది. అసలు కష్టం అప్పుడే మొదలవుతుంది. రెండో నెలలో వెళ్లండి. మొదటి సంక్రాంతికి, మొదటి రంజాన్‌కు, మొదటి క్రిస్మస్‌కు వెళ్లండి.

పిల్లలకు అబద్ధం చెప్పకండి. "నాన్న ఊరెళ్లాడు" అంటే ఆ బిడ్డ రోజూ బస్సు కోసం చూస్తుంది. "నిద్రపోతున్నాడు" అంటే రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. "నాన్న చనిపోయాడు. ఇక రాడు. నేను నీ దగ్గరే ఉంటాను" అని మెల్లగా, నిజం చెప్పండి. అడిగినన్నిసార్లు చెప్పండి.

అక్షరాలు చేసే సాయం

మనం చదవడం, రాయడం నేర్చుకున్నాం. దుఃఖంలో అది ఎలా అక్కరకు వస్తుంది?

మొదటిది, కాగితాలు. ఇంట్లో చావు జరిగితే 21 రోజుల్లోపు పంచాయతీలో గానీ మున్సిపాలిటీలో గానీ నమోదు చేయించాలి. మరణ ధ్రువపత్రం తీసుకోవాలి. బ్యాంకు డబ్బుకు, బీమాకు, పింఛనుకు, పొలం పేరు మార్పుకు అన్నిటికీ అదే ఆధారం. ఎవరైనా కాగితం ముందు పెట్టి "ఇక్కడ సంతకం పెట్టు" అంటే, ఏడుస్తూ పెట్టేయకండి. కూడబలుక్కుని అయినా చదవండి. అర్థం కాకపోతే తెలిసినవాళ్లకు చూపించాక పెట్టండి.

రెండోది, జ్ఞాపకం. ఒక నోటు పుస్తకం తీసుకోండి. పోయినవాళ్ల పేరు రాయండి. ఏ ఊళ్లో పుట్టారు, ఏం పని చేసేవాళ్లు, ఏ కూర ఇష్టం, ఏ మాట ఎక్కువ అనేవాళ్లు, ఏ పాట పాడేవాళ్లు, ఇవన్నీ రాయండి. తప్పులు పోయినా పరవాలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు ఎంతో పెద్ద కవి. భార్య వరలక్ష్మమ్మ పోయినప్పుడు ఆయన దుఃఖాన్ని పద్యాల్లో పెట్టుకున్నారు. ఆ పుస్తకం పేరు వరలక్ష్మీ త్రిశతి. అంతటివారికీ రాసుకుంటే గానీ గుండె బరువు దిగలేదు. మీకు పద్యాలు రానక్కర్లేదు. "మా అమ్మ గోంగూర పచ్చడి బాగా చేసేది" అన్న ఒక్క వాక్యం చాలు. ముప్పై ఏళ్ల తరవాత మీ మనవరాలు దాన్ని చదువుతుంది.

డాక్టరు సాయం ఎప్పుడు కావాలి?

ఎక్కువమంది నలుగురి తోడుతో మెల్లగా తేరుకుంటారు. కొందరు తేరుకోలేరు. నెలలు గడిచినా మంచం దిగరు. తిండి తినరు. ఎవరితోనూ మాట్లాడరు. "నేనూ పోతే బాగుండు" అంటుంటారు. ఆ మాటను ఊరికే అన్న మాట అనుకోకండి. వాళ్లను ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు దూరంగా పెట్టండి. డాక్టరు దగ్గరకు తీసుకుపోండి.

ఫోనులో మాట్లాడడానికి కూడా వీలుంది. టెలి మానస్ అని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన సాయం. నంబరు 14416. డబ్బులు కట్టనక్కర్లేదు. రాత్రీ పగలూ పలుకుతారు. తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు గోడ మీద రాసి పెట్టుకోండి.

నమ్మకం అంటే

నమ్మకం అంటే అన్ని ప్రశ్నలకూ జవాబులు తెలియడం అని కొందరు అనుకుంటారు. విత్తనం వేసేటప్పుడు వాన పడుతుందని రైతుకు ఎవరూ కాగితం రాసి ఇవ్వరు. అయినా వేస్తాడు. నిరుడు పంట పోయినా మళ్లీ వేస్తాడు. దుఃఖంలో ఉన్న మనిషి పొద్దున్నే లేచి వాకిట్లో నీళ్లు చల్లితే, అదీ అలాంటిదే. దేవుణ్ణి నమ్మేవాళ్లు అందులో దేవుడి చెయ్యి ఉందంటారు. నమ్మనివాళ్లు మనుషుల చెయ్యి ఉందంటారు. ఏ చెయ్యి అయినా, ఆ సమయానికి అంది ఉండడం ముఖ్యం.

మీ వాడలో ఈ ఏడాది ఎవరి ఇంట్లో దీపం ఆరిందో మీకు తెలుసు. ఈ పుస్తకం మూసి, ఆ ఇంటికి ఒకసారి వెళ్లి రండి.

ఆలోచించండి – మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో చావు జరిగిన ఇంటికి ఎవరు అన్నం తెస్తారు? ఎన్ని రోజులు తెస్తారు?

2. మీ ఇంట్లో పోయినవాళ్లను ఏ రోజు తలుచుకుంటారు? ఆ రోజు ఏం చేస్తారు?

3. మన పద్ధతుల్లో ఏవి ఉంచుకోవాలి? ఏవి మానుకోవాలి? ఎందుకు?

4. 1977 ఉప్పెన తరవాత ఏ మార్పులు వచ్చాయి? 1990లో వాటి వల్ల ఏం మేలు జరిగింది?

5. మీకు కావలసినవాళ్లు ఒకరు పోయి ఉంటే, వాళ్ల గురించి ఐదు వాక్యాలు రాయండి. ఇష్టమైతే అందరికీ చదివి వినిపించండి.